కొత్త ట్యాబ్లెట్ తెరలో బ్యాక్‌లైట్ లోపాలు: గుర్తించడం, నిర్ధారించుకోవడం, మార్పించుకోవడం

కొత్త ట్యాబ్లెట్ తెరలో వెలుగు సమంగా లేదని అనుమానం వచ్చినప్పుడు కొందరు "వాడగా వాడగా అదే సర్దుకుంటుందిలే" అని ఊరుకుని, వాపసు గడువు దాటిపోయాక సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతారు. మరికొందరు ఎల్‌సీడీ తెరకు సహజంగా ఉండే లక్షణాన్నే లోపమనుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా ట్యాబ్లెట్లు మార్పించుకుంటూ, వచ్చిన ప్రతిదానిలోనూ అదే కనబడుతోందని విసిగిపోతారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. తెరలో కనబడుతున్నది ఏమిటో తేల్చుకోకుండానే ఏం చేయాలో నిర్ణయించుకుంటారు. తేల్చుకోవడానికి ఒక సాయంత్రం సరిపోతుంది, ప్రత్యేకమైన పరికరాలేవీ అక్కర్లేదు. అయితే ఆ పని వాపసు గడువు ఉండగానే జరగాలి. అందుకే పెట్టె విప్పిన మొదటి రోజునే ఈ పరీక్షలు చేయమని, అవి పూర్తయ్యేదాకా టెంపర్డ్ గ్లాస్ అతికించవద్దని, పెట్టెనూ లోపలి ప్యాకింగునూ పారేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు తెర ఏ రకమో చూసుకోవాలి

బ్యాక్‌లైట్, అంటే తెరను వెనుక నుంచి వెలిగించే దీపాల ఏర్పాటు, ఎల్‌సీడీ తెరలకే ఉంటుంది. ఓఎల్ఈడీ తెరలో ప్రతి పిక్సెల్ (చిత్రాన్ని ఏర్పరిచే ఒక్కో చుక్క) తన వెలుగు తానే ఇస్తుంది కనుక వెనుక దీపాలు ఉండవు, అంచుల నుంచి వెలుగు కారడమూ ఉండదు. వాటికి వేరే లోపాలున్నాయి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడు బూడిద రంగు తెర మీద చారలు, మచ్చలు కనబడటం, ఒకవైపు ఆకుపచ్చ లేదా గులాబీ ఛాయ తేలడం వంటివి అందులోకి వస్తాయి. పెట్టె మీద "ఎల్ఈడీ డిస్‌ప్లే" అని రాసి ఉంటే దానిని ఓఎల్ఈడీగా పొరబడకూడదు. సాధారణంగా దాని అర్థం ఎల్ఈడీ దీపాలతో వెలిగే ఎల్‌సీడీ అని మాత్రమే. స్పెసిఫికేషన్లలో "ఐపీఎస్" అని కనబడినా అది ఎల్‌సీడీయే. "ఓఎల్ఈడీ" లేదా "అమోలెడ్" అని స్పష్టంగా ఉంటేనే అది ఆ రకానికి చెందుతుంది.

ఎల్‌సీడీ తెర లోపలి అమరిక కొంచెం తెలిస్తే ఏ లోపం ఎక్కడి నుంచి వస్తుందో ఊహించవచ్చు. చాలా ట్యాబ్లెట్లలో తెర ఒక అంచున చిన్న తెల్లని ఎల్ఈడీలు వరుసగా ఉంటాయి. వాటి వెలుగు ఒక పలుచని పారదర్శక ప్లాస్టిక్ పలకలోకి పక్క నుంచి ప్రవేశించి, ఆ పలక మీదున్న అతి సూక్ష్మమైన చుక్కల వంటి నిర్మాణాల వల్ల తెర వైపుకు మళ్లుతుంది. పలక వెనుక వెలుగును తిప్పికొట్టే షీటు, ముందు వెలుగును చెదరగొట్టి సమం చేసే షీటు, దానిని నేరుగా చూసేవారి వైపు మళ్లించే షీట్లు ఉంటాయి. వాటి పైన రెండు పోలరైజర్ల (వెలుగును వడపోసే పలుచని పొరల) మధ్య లిక్విడ్ క్రిస్టల్ పొర ఉంటుంది. ఇన్ని పొరలనూ కొద్ది మిల్లీమీటర్ల మందంలో, తేలికైన ఫ్రేములో బిగిస్తారు. ఆ బిగింపు ఒక మూల ఎక్కువై మరో మూల తక్కువైతే, తలుపు సందులోంచి పక్కగది దీపం వెలుగు పడినట్టుగా, అంచు నుంచి బ్యాక్‌లైట్ వెలుగు బయటికి వస్తుంది. దీన్నే బ్యాక్‌లైట్ బ్లీడ్ అంటారు. పొరల మధ్య దుమ్ము రేణువు చిక్కితే చిన్న మసక మచ్చ కనబడుతుంది. చెదరగొట్టే షీటు ఒకచోట నొక్కుకుపోయినా, ముడత పడినా ఆ చోట తెల్లగా వెలిగే మచ్చ ఏర్పడుతుంది. ఎల్ఈడీల్లో ఒకటి వెలగకపోతే ఆ అంచు దగ్గర మొదలై లోపలికి పలుచబడే నీడ పడుతుంది.

ఇంకొక సంగతి కూడా మొదటే అంగీకరించాలి. ఎల్‌సీడీ ఎప్పుడూ పూర్తి నలుపును చూపలేదు. వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది, లిక్విడ్ క్రిస్టల్ పొర దానిని అడ్డుకుంటుంది, అడ్డుకోగా మిగిలిన కాస్త వెలుగు బయటికి వస్తుంది. మామూలు ఐపీఎస్ తెర కాంట్రాస్టు, అంటే తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ ఉన్న నిష్పత్తి, 1000:1 అనుకుంటే, తెలుపు 500 నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గర ఉన్నప్పుడు నలుపు 0.5 నిట్ల వెలుగుతో ఉంటుంది. బ్రైట్‌నెస్ తగ్గించి తెలుపును 100 నిట్లకు తెస్తే నలుపు 0.1 నిట్‌కు పడిపోతుంది. అంటే బ్రైట్‌నెస్ నిండుగా పెట్టి, చీకటి గదిలో చూసి "నలుపు బూడిద రంగులో ఉంది" అని ఫిర్యాదు చేయడంలో అర్థం లేదు. తెర అంతటా ఒకే రకమైన బూడిద రంగు ఉంటే అది లోపం కాదు. ఒక మూల మాత్రమే, లేదా ఒక అంచు మాత్రమే, మిగతా తెర కంటే స్పష్టంగా ఎక్కువ వెలుగుతుంటే అప్పుడు ఆలోచించాలి.

మినీ ఎల్ఈడీ తెరల సంగతి వేరు. వాటిలో దీపాలు అంచున కాకుండా తెర వెనుక అంతటా పరచి ఉంటాయి, విభాగాలుగా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఉదాహరణకు 2021లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోలో ఇలాంటి విభాగాలు 2,596 ఉన్నాయి. విభాగాల కంటే పిక్సెళ్ల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు వచ్చినప్పుడు వాటి చుట్టూ పలుచని వెలుగు వలయం కనబడుతుంది. అది ఆ సాంకేతికతకు సహజమైన హద్దు. ట్యాబ్లెట్ మార్చినా పోదు. పూర్తి నల్లని చిత్రం పెడితే ఆ విభాగాలు దాదాపు ఆరిపోతాయి కనుక, ఈ తెరలకు నలుపు పరీక్ష పెద్దగా ఉపయోగపడదు. ముదురు బూడిద రంగు చిత్రంతోనే పరీక్షించాలి.

పరీక్షకు ముందు సెట్టింగ్స్ సరిచేయడం

లోపమని చెప్పుకునేవాటిలో కొన్ని అసలు హార్డ్‌వేరువే కావు. అందుకని మొదట ఆటో బ్రైట్‌నెస్ ఆపాలి. తర్వాత నైట్ లైట్, ఐ కంఫర్ట్, ట్రూ టోన్ వంటి పేర్లతో ఉండే రంగు మార్పు సౌకర్యాలన్నీ ఆపాలి. బ్యాటరీ సేవర్ తీసేయాలి, ఎందుకంటే కొన్ని ట్యాబ్లెట్లు ఆ స్థితిలో బ్రైట్‌నెస్‌ను తామే తగ్గిస్తాయి. ఇవన్నీ ఆపినా కొన్నింటిలో తెర మీది దృశ్యం ముదురుగా ఉన్నప్పుడు బ్యాక్‌లైట్ నెమ్మదిగా తగ్గి, తెల్లని పేజీ రాగానే మళ్లీ పెరుగుతుంది. విద్యుత్తు ఆదా కోసం తయారీదారులే పెట్టిన ఏర్పాటు అది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్ మార్చి చూస్తే కొన్ని మోడళ్లలో ఆగుతుంది. అలా ఆగిందంటే అది మరమ్మతుకు ఇవ్వవలసిన లోపం కాదని తేలినట్టే.

కవరు, కీబోర్డు కేసు, స్టాండు అన్నీ తీసేయాలి. బిగుతైన కేసు ఫ్రేము అంచును నొక్కుతూ ఉంటే, అది తీసిన కాసేపటికి మూల వెలుగు తగ్గడం చూడవచ్చు. అలా తగ్గితే ఆ కేసునే మార్చుకోవాలి. ట్యాబ్లెట్ బయటి నుంచి అప్పుడే వచ్చి చల్లగా గానీ వేడిగా గానీ ఉంటే గది వాతావరణానికి అలవాటు పడనివ్వాలి. తర్వాత ఓ అరగంట మామూలుగా వాడి, తెర వేడెక్కాక పరీక్ష మొదలుపెట్టాలి. చివరగా, మెత్తని పొడి గుడ్డతో తెరను తుడవాలి. చీకటిలో వేలిముద్రలు కూడా మచ్చల్లాగే కనబడతాయి.

మూడు చిత్రాలతో పరీక్ష

కావలసినవి నల్లని చిత్రం, బూడిద రంగు చిత్రం, తెల్లని చిత్రం. తెర రిజల్యూషన్‌కు సరిపోయే చిత్రాలు తయారుచేసుకుని, గ్యాలరీలో నిండు తెరలో తెరవాలి. పైన గడియారం, కింద బటన్ల వరుస మాయమయ్యాకే చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిత్రాలు కూడా ఉంటే డెడ్ పిక్సెళ్లనూ (పనిచేయని పిక్సెళ్లనూ) అదే పనిలో పట్టుకోవచ్చు. కానీ అవి బ్యాక్‌లైట్‌కు సంబంధించినవి కావు. డెడ్ పిక్సెల్ ఒక్క చుక్కగా, పదునైన అంచులతో ఉంటుంది. బ్యాక్‌లైట్ మచ్చకు అంచులు కలిసిపోయి, మసకగా ఉంటాయి.

నల్లని చిత్రాన్ని మసక వెలుతురు ఉన్న గదిలో మొదలుపెట్టి, తర్వాత చీకటి గదిలో చూడాలి. బ్రైట్‌నెస్ నిండుగా ఒకసారి, సగంలో ఒకసారి, రాత్రిపూట మీరు నిజంగా వాడే స్థాయిలో ఒకసారి పెట్టాలి. చీకటికి కళ్లు అలవాటు పడేకొద్దీ చిన్న వెలుగు కూడా పెద్దదిగా తోస్తుంది కనుక, పూర్తి చీకటిలో చాలాసేపు చూస్తూ కూర్చుంటే ఏ ఎల్‌సీడీ అయినా లోపభూయిష్టంగానే కనబడుతుంది. తెర మధ్యభాగంతో పోలిస్తే మూలలు, అంచులు ఎలా ఉన్నాయో మాత్రమే ఇక్కడ గమనించవలసింది.

బూడిద రంగు చిత్రం మీద నాకు ఎక్కువ నమ్మకం. నల్లని తెరను రోజూ చూసేవారు ఎవరూ ఉండరు, కానీ చదివే పేజీలు, చిత్రాలు, సినిమాల్లోని ఆకాశం, పొగమంచు, గోడలు అన్నీ ఈ మధ్యస్థాయి రంగుల్లోనే ఉంటాయి. ఒకటి ముదురు బూడిద, ఒకటి సగం బూడిద పెట్టి చూస్తే తెర మీద నిలువు పట్టీలు, మాసినట్టుండే మరకలు, ఒక మూల నల్లబడటం తెలుస్తాయి. తర్వాత ఒక పొడవైన పేజీని నెమ్మదిగా పైకి జరపాలి. అక్షరాలు కదులుతూ మరక మాత్రం అక్కడే నిలిచి ఉంటే, అది రోజూ కంటికి తగిలే లోపం. పరిశ్రమలో ఇలాంటి అసమానతను మురా అంటారు. సర్వీస్ సెంటరులో ఆ మాట వాడితే విషయం త్వరగా అర్థమవుతుంది.

తెల్లని చిత్రంతో మూడు విషయాలు చూడాలి. ఎల్ఈడీలు ఉన్న అంచు దగ్గర వెలుగు, నీడ ఒకదాని పక్కన ఒకటిగా వరుస కట్టాయా, ఏ మూలైనా స్పష్టంగా నల్లబడిందా, తెర ఒకవైపు పసుపుగా మరోవైపు నీలంగా ఉందా అన్నవి. తెర అంతా ఒకే రకంగా కొంచెం పసుపుగా ఉండటం చాలాసార్లు సెట్టింగ్, లేదా ఆ తెర రంగు అమరిక. ఇంట్లో పసుపు దీపం కింద తెల్ల కాగితంతో పోల్చి చూసి తెర నీలంగా ఉందనుకోవడమూ పొరపాటే. తెరల తెలుపును సాధారణంగా 6500 కెల్విన్ (వెలుగు ఛాయను కొలిచే ప్రమాణం) పగటి వెలుగుకు దగ్గరగా అమరుస్తారు, పసుపు దీపాలు 2700 నుంచి 3000 కెల్విన్ దగ్గర ఉంటాయి. ఒకే తెరలో రెండు వైపులా రెండు ఛాయలు ఉండటం మాత్రం ఫిర్యాదు చేయదగిన విషయమే.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఎంతో మేలు చేస్తుంది. కుడి అంచు పసుపుగా ఉందనిపిస్తే, మీరు కదలకుండా ట్యాబ్లెట్‌ను బల్ల మీదనే తలకిందులుగా తిప్పాలి. తెర మీది చిత్రం తిరిగినా తిరగకపోయినా ఒకే రంగు కనుక ఇబ్బంది లేదు. పసుపు ఇప్పుడు మీకు ఎడమవైపు వచ్చిందంటే అది తెరతో పాటు తిరిగినట్టు, కాబట్టి తెరదే. ఇంకా కుడివైపే ఉందంటే గది దీపం గానీ, మీరు చూస్తున్న కోణం గానీ కారణం. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే వాపసు పంపకుండా ఉండగలిగిన ట్యాబ్లెట్లు చాలానే ఉంటాయి.

మరొకటి స్క్రీన్‌షాట్. మచ్చ కనబడుతుండగా స్క్రీన్‌షాట్ తీసి, దానిని ఇంకొక ఫోనులోనో కంప్యూటరులోనో తెరవాలి. అక్కడా మచ్చ ఉంటే అది యాప్‌దో సాఫ్ట్‌వేరుదో. అక్కడ శుభ్రంగా ఉంటే తెరలోనే ఉంది.

అది బ్లీడా, గ్లోనా

నల్లని తెర మూలల్లో వెలుగు కనబడినప్పుడు దానికి రెండు కారణాలు ఉండవచ్చు, ఎక్కువ గందరగోళం ఇక్కడే జరుగుతుంది. ఐపీఎస్ తెరలో లిక్విడ్ క్రిస్టల్ పొర, పోలరైజర్లు కలిసి నేరుగా వచ్చే వెలుగును బాగా అడ్డుకుంటాయి, ఏటవాలుగా పోయే వెలుగును అంత బాగా అడ్డుకోలేవు. మనం తెర మధ్యకు ఎదురుగా కూర్చున్నా మూలలను కొంత ఏటవాలుగానే చూస్తాం కనుక, అక్కడ పలుచని తెల్లని లేదా పసుపు, ఊదా ఛాయ తేలుతుంది. దీనిని ఐపీఎస్ గ్లో అంటారు. ఇది లోపం కాదు, మార్పించుకున్నా పోదు.

తేడా పట్టుకోవడానికి ఇలా చేయాలి. నల్లని చిత్రం పెట్టి, అనుమానం ఉన్న మూలకు సరిగ్గా ఎదురుగా కళ్లు వచ్చేట్టు తలను పక్కకు జరపాలి. మూలలోని వెలుగు పలుచబడి, ఎదురుగా ఉన్న ఇంకో మూల వెలగడం మొదలైతే అది గ్లో. తర్వాత వెనక్కు జరిగి రెండు మీటర్ల దూరం నుంచి చూడాలి. దూరం పెరిగితే మూలలను చూసే కోణం నేరుగా మారుతుంది కనుక గ్లో బాగా తగ్గిపోతుంది. బ్లీడ్ మాత్రం తల ఎటు జరిపినా ఉన్నచోటే ఉంటుంది. అది అంచుకు అంటుకుని మొదలై, లోపలికి వచ్చేకొద్దీ చెదురుతుంది, తరచుగా అంచు దగ్గర బాగా చిక్కగా ఉంటుంది. ఒకే మూలలో రెండూ కలిసి ఉండటమూ మామూలే. అప్పుడు తల జరిపితే వెలుగు కొంత తగ్గి, అంచు దగ్గర ఒక చిక్కని భాగం మాత్రం మిగులుతుంది. ఫిర్యాదు చేయవలసింది మిగిలిన ఆ భాగం గురించే. ఈ పరీక్ష చేస్తున్నప్పుడు ఫ్రేమును మెలితిప్పడం, మూలను బొటనవేలితో నొక్కడం చేయకూడదు. దానివల్ల తెలిసేది కొంచెమే, కొత్త మచ్చలు వచ్చే అవకాశం మాత్రం నిజం.

మినుకుమినుకుమనడం, పూర్తిగా ఆరిపోవడం

తక్కువ బ్రైట్‌నెస్‌లో కళ్లు లాగుతున్నాయని కొందరు చెబుతారు. కొన్ని తెరల్లో బ్యాక్‌లైట్‌ను తగ్గించడానికి దీపాలను అతి వేగంగా ఆర్పి వెలిగిస్తారు. కంటికి తెలియకపోయినా కొందరి శరీరానికి అది పడదు. ఫోను కెమెరాలో ప్రో మోడ్ తెరిచి, షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ సమయానికి పెట్టి తెల్లని తెరను చూస్తే, ఈ పద్ధతి వాడే తెర మీద నల్లని పట్టీలు కదులుతూ కనబడతాయి. అది ఆ మోడల్ నిర్మాణం. పడకపోతే అదే మోడల్ మళ్లీ తెప్పించుకోవడం కంటే డబ్బు వాపసు తీసుకోవడమే మంచిది. కెమెరా లేకుండా, మామూలు కంటికే తెర మినుకుమినుకుమంటుంటే మాత్రం అది నేరుగా లోపమే.

తెర నల్లగా ఉండి శబ్దాలు మాత్రం వస్తుంటే, చీకటి గదిలో టార్చ్ వెలుగును ఏటవాలుగా తెర మీద పడేట్టు పట్టి చూడాలి. చిత్రం మసకగా కనబడితే లిక్విడ్ క్రిస్టల్ పొర పనిచేస్తోంది, బ్యాక్‌లైట్ లేదా దానికి కరెంటు అందించే భాగం ఆగిపోయిందని అర్థం. ఈ ఒక్క వివరం ఫిర్యాదులో రాస్తే చాలా ప్రశ్నలు తప్పుతాయి.

నమ్మదగిన ఫొటో

చీకటిలో ఫోను కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలోకి తీసుకునే వెలుగును) పెంచుతుంది, నైట్ మోడ్ ఉంటే ఇంకా పెంచుతుంది. దాంతో మామూలు గ్లో కూడా మంట లేచినట్టు పడుతుంది. అలాంటి ఫొటో పంపితే అవతలివారు మొత్తం ఫిర్యాదునే తేలికగా తీసుకుంటారు. నైట్ మోడ్ ఆపి, నల్లని చిత్రం మధ్యలో ఒక చిన్న తెల్లని అక్షరాన్ని ఉంచి, ఆ అక్షరం కంటికి కనబడినట్టే ఫొటోలోనూ కనబడేలా ఎక్స్‌పోజర్ తగ్గించి లాక్ చేయాలి. దగ్గర నుంచి తీస్తే మూలలు ఏటవాలుగా పడి గ్లో ఎక్కువవుతుంది కనుక, దూరంగా నిలబడి జూమ్ చేసి, తెరకు సరిగ్గా ఎదురుగా తీయాలి. అదే ఎక్స్‌పోజర్‌తో పక్క నుంచి ఇంకొకటి తీయాలి. రెండింటిలోనూ వెలుగు ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంటే అది బ్లీడ్ అనడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. వీటితో పాటు ఒక వీడియో కూడా ఉండాలి. బ్రైట్‌నెస్ ఎంత ఉందో సెట్టింగ్స్‌లో చూపించి, అక్కడి నుంచి ఆపకుండా నల్లని చిత్రానికి వెళ్లి, కెమెరాను నెమ్మదిగా ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలి.

ఎంతవరకు భరించవచ్చు

పిక్సెల్ లోపాలను లెక్కించడానికి ఐఎస్ఓ 9241-307 వంటి ప్రమాణాలు ఉన్నాయి. బ్లీడ్‌ను అలా చుక్కలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టలేం, కనుక నిర్ణయం ఎక్కువగా వాడకాన్ని బట్టి ఉంటుంది. నా కొలత ఇది. మీరు రోజూ వాడే వెలుతురులో, రోజూ వాడే బ్రైట్‌నెస్‌లో, రోజూ చూసే విషయాన్ని తెరిచినప్పుడు, వెతకకుండానే ఆ మచ్చ కంటికి తగిలితే ట్యాబ్లెట్ మార్పించుకోవాలి. చీకటి గదిలో నల్లని చిత్రం పెట్టి వెతికితేనే కనబడేది అయితే దానిని వదిలేయవచ్చు. రాత్రి దీపాలు ఆర్పి సినిమాలు చూసేవారికి సినిమా పైన కింద ఉండే నల్లని పట్టీలలో చిన్న బ్లీడ్ కూడా చికాకు పెడుతుంది. పగలు పాఠాలు చదివే విద్యార్థికి అది ఎప్పటికీ తెలియకపోవచ్చు. బొమ్మలు గీసేవారు, ఫొటోలు సరిదిద్దేవారు బ్లీడ్ కంటే రంగు అసమానతను తీవ్రంగా తీసుకోవాలి. తెర మధ్యలో ఉన్న మచ్చను మాత్రం, ఎంత చిన్నదైనా, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కళ్లు ఎప్పుడూ ఉండేది అక్కడే.

ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే, రాత్రి చూసేటప్పుడు గదిలో ఒక చిన్న దీపం వెలిగించి, బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది.

సొంత మరమ్మతు వద్దు

బ్లీడ్ ఉన్నచోట గుడ్డతో రుద్దమని, ఫ్రేమును కొంచెం వంచమని, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి తెర లేపి టేపు అతికించమని సలహాలు తిరుగుతుంటాయి. కొత్త ట్యాబ్లెట్ విషయంలో ఇవేవీ చేయకూడదు. ఈనాటి ట్యాబ్లెట్లలో తెరను జిగురుతో బిగిస్తారు, చాలావాటిలో పై గాజు ఎల్‌సీడీకి పూర్తిగా అతుక్కునే ఉంటుంది. వేడికి జిగురు లేవడం కంటే ముందు గాజు పగలవచ్చు, కింద ఉన్న బ్యాటరీకి దెబ్బ తగలవచ్చు. తెరిచిన గుర్తు కనబడితే వారంటీ మీద వాదించే అవకాశమే పోతుంది. కొద్ది రోజుల్లో బ్లీడ్ దానంతట అదే తగ్గుతుందని చెప్పేవారూ ఉన్నారు. తగ్గితే మంచిదే, మొదటి రోజు ఫొటోతో పోల్చి చూసుకోవచ్చు, కానీ ఆ ఆశతో వాపసు గడువును దాటనివ్వకూడదు.

వాపసు, రీప్లేస్‌మెంట్, వారంటీ

ఈ మూడూ వేర్వేరు దారులు. ఏది అడుగుతున్నామో తెలిసి అడగాలి. వాపసులో డబ్బు తిరిగి వస్తుంది. రీప్లేస్‌మెంట్‌లో అదే మోడల్‌లో ఇంకొకటి వస్తుంది. ఈ రెండూ అమ్మినవారితో తేల్చుకోవలసినవి, గడువు కూడా తక్కువ. వారంటీ తయారీదారుది, గడువు ఎక్కువ, కానీ అక్కడ సాధారణంగా జరిగేది మరమ్మతు. కొన్నిసార్లు మీ కొత్త ట్యాబ్లెట్‌కు బదులుగా బాగుచేసిన పాతది చేతికి వస్తుంది. అందుకే అమ్మినవారి గడువు ఉండగా వారంటీ దారి పట్టవద్దని నా సలహా. "ముందు సర్వీస్ సెంటరులో చూపించండి" అని అమ్మినవారు పంపితే, వెళ్లే ముందే మీ ఫిర్యాదును అమ్మినవారి దగ్గర రాతపూర్వకంగా నమోదు చేయించి, దాని నంబరు తీసుకోవాలి. లేకపోతే సర్వీస్ సెంటరులో గడిచిన రోజులు మీ గడువులోంచే పోతాయి.

ఫిర్యాదును పొడవుగా, కోపంగా రాయనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: "ట్యాబ్లెట్ అందిన రోజునే గమనించిన లోపం ఇది. అడ్డంగా పట్టుకున్నప్పుడు కింది ఎడమ మూలలో బ్యాక్‌లైట్ వెలుగు బయటికి వస్తోంది. చూసే కోణం మార్చినా వెలుగు అదే చోట, అదే ఆకారంలో ఉంది. సగం బ్రైట్‌నెస్‌లో, దీపం వెలుగుతున్న గదిలో కూడా కనబడుతోంది. స్క్రీన్‌షాట్‌లో కనబడటం లేదు. కవరు గానీ గ్లాసు గానీ వేయలేదు. రెండు ఫొటోలు, ఒక వీడియో జతచేశాను. రీప్లేస్‌మెంట్ కోరుతున్నాను." ఇందులో ప్రతి వాక్యమూ అవతలివారు అడగబోయే ఒక ప్రశ్నకు ముందే ఇచ్చిన జవాబు.

సర్వీస్ సెంటరులో "ఇది మామూలే, అన్నింటికీ ఇంతే" అనే మాట వినబడవచ్చు. అది గ్లో అయితే వారి మాట నిజమే. బ్లీడ్ అయితే, అదే మోడల్ ఇంకొక ట్యాబ్లెట్‌ను పక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే చిత్రం, ఒకే బ్రైట్‌నెస్ పెట్టి చూపించమని మర్యాదగా అడగాలి. ఒప్పుకోకపోతే, పరిశీలించి లోపం లేదని తేల్చినట్టు జాబ్ షీటులో రాసివ్వమనాలి. నోటిమాటగా కాదన్నవారు కాగితం మీద రాయవలసి వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి చూస్తారు. ట్యాబ్లెట్ వదిలి రావలసి వస్తే, దాని మీద గీతలు, సొట్టలు ఏమీ లేవని కూడా ఆ షీటులో రాయించుకోవాలి.

ఇచ్చేముందు డేటా బ్యాకప్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసి, ఖాతా నుంచి సైన్ అవుట్ అయ్యాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఈ వరుస మారకూడదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతా తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే, మళ్లీ తెరిచినప్పుడు పాత ఖాతా వివరాలు అడుగుతుంది. ఐప్యాడ్‌లో ఫైండ్ మై (పోయిన పరికరాన్ని వెతికే సౌకర్యం) ఆపకపోతే, పాత ఖాతా వివరాలు లేకుండా తెరవనివ్వని యాక్టివేషన్ లాక్ ఉండిపోతుంది. రెండు సందర్భాల్లోనూ వాపసు ఆగిపోవచ్చు. ఫొటోలు, వీడియో, బిల్లు మరో చోట భద్రపరిచారో లేదో రీసెట్‌కు ముందే చూసుకోవాలి.

బదులుగా వచ్చిన ట్యాబ్లెట్‌ను కూడా అదే రోజు, అవే చిత్రాలతో, అదే గదిలో పరీక్షించాలి. దానిలో మచ్చ వేరే చోట ఉంటే అది కూడా విడి లోపమే, మళ్లీ అడగవచ్చు. అదే చోట, అదే ఆకారంలో ఉంటే ఆ మోడల్ నిర్మాణంలోనే ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ. మూడోది తెప్పించుకోవడం కంటే డబ్బు వాపసు తీసుకుని వేరే మోడల్ చూసుకోవడం మంచిది.

కొన్ని నెలల తర్వాత కనబడితే

మొదటి రోజు శుభ్రంగా ఉన్న తెరలో తర్వాత ఎప్పుడో మచ్చ వస్తే, కారణం చాలావరకు ఒత్తిడి. బరువైన పుస్తకాలతో పాటు సంచిలో కుక్కడం, మంచం మీద వదిలిన ట్యాబ్లెట్ మీద చెయ్యి ఆనించడం వంటివి తెర వెనుక షీట్లను నొక్కుతాయి. అలాంటి మచ్చలను వారంటీ కింద ఒప్పించడం కష్టం, అయినా కింద పడిన గుర్తులు లేనప్పుడు అడగడంలో తప్పులేదు. తెర మధ్యలో వెలుగు మచ్చ క్రమంగా పెద్దదవుతూ, దానితో పాటు తెర అంచు ఫ్రేము నుంచి లేచినట్టో, వెనుక భాగం ఉబ్బినట్టో ఉంటే మాత్రం దానిని బ్యాక్‌లైట్ సమస్యగా చూడకూడదు. లోపల బ్యాటరీ ఉబ్బి తెరను వెనుక నుంచి నెడుతూ ఉండవచ్చు. వెంటనే ఛార్జింగ్ తీసేసి, ట్యాబ్లెట్ ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా, మండే వస్తువులకు దూరంగా పెట్టి, ఫోను చేసి చెప్పి మరీ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లాలి. కొరియరులో పంపకూడదు.